ఆదివారం చూసిన ఇంటిని సోమవారం కూడా చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. సిటీ వదిలేసి దగ్గర్లోని పల్లెకి మారిపోదామా, ఉద్యోగానికి మాత్రం రోజూ అప్ అండ్ డౌన్ చేద్దామా అని. తొమ్మిదేళ్లుగా నేను చేస్తున్నది అదే కాబట్టి నాలుగు మాటలు చెప్పే అర్హత ఉందనుకుంటున్నాను. ఎటూ మొగ్గకుండా చెబుతానని మాత్రం మాట ఇవ్వలేను.

ప్రశ్న: మా ఆఫీసుకి 45 కిలోమీటర్ల దూరంలో ఒక ఊళ్లో ఇల్లు చూశాం. పెద్ద పెరడు, బావి, నాలుగు చెట్లు. సిటీలో ఉన్న ఫ్లాట్ అమ్మితే ఇది కొనుక్కున్నాక కూడా కొంత చేతిలో మిగులుతుంది. మ్యాప్‌లో 55 నిమిషాలని చూపిస్తోంది, మేం ఆదివారం వెళ్తే 50 నిమిషాల్లోనే చేరాం. నాకు 39 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, మా ఆవిడకీ ఇష్టమే. ధైర్యం చేయమంటారా?

జవాబు: ఆదివారం వెళ్లామన్నారు చూశారూ, చిక్కంతా అక్కడే ఉంది. ఆదివారం పదకొండు గంటలకి, కడుపు నిండా టిఫిన్ చేసి, పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్తే ఏ ఇల్లయినా బాగుంటుంది. ఆ ఇంటిని సోమవారం చూడండి. అంటే ఆ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఒక వారం అద్దెకి గది దొరికితే తీసుకుని, రోజూ అక్కడినుంచే ఆఫీసుకి వెళ్లి రండి. గడప దాటినప్పటి నుంచి ఆఫీసులో కుర్చీలో కూర్చునేదాకా టైం చూసుకోండి. మ్యాప్ చెప్పే 55 నిమిషాల్లో పార్కింగ్ వెతుక్కోవడం ఉండదు, లిఫ్ట్ కోసం నిలబడటం ఉండదు, గేటు తీసి బండి బయటపెట్టి మళ్లీ గేటు వేయడమూ ఉండదు. నా లెక్కలో ఇవన్నీ కలిపి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. నవ్వకండి, ఏడాది తిరిగేసరికి అవే రోజులవుతాయి.

రెండోది, సగటు చూడకండి, చెడ్డ రోజు చూడండి. నాలుగు రోజులు గంటలో చేరి, ఐదో రోజు గంటా నలభై నిమిషాలు పట్టిందనుకోండి, ఆ ఐదో రోజు ఏదో ముందుగా తెలియదు కదా, తొమ్మిదింటికి మీటింగ్ ఉన్న ప్రతిసారీ గంటా నలభై నిమిషాల ముందే బయల్దేరాలి. మిగిలిన నాలుగు రోజులూ ముందే చేరి ఆఫీసు కింద బండిలో కూర్చుని ఫోన్ చూసుకుంటారు. నేను చాలాకాలం అలాగే చూసుకున్నాను.

ఇప్పుడు చిన్న లెక్క. పోవడానికి గంటంబావు, రావడానికి గంటంబావు అనుకుందాం. ఏడాదికి 220 పనిదినాలు. మొత్తం 550 గంటలు. అంటే రాత్రీ పగలూ కలిపి దాదాపు 23 రోజులు బండిలో ఉంటారు. ఎనిమిది గంటల డ్యూటీ లెక్కన చూస్తే 69 రోజుల పని, దానికి జీతం ఎవరూ ఇవ్వరు. దూరం సంగతి చూస్తే రానూపోనూ 90 కిలోమీటర్లు, ఏడాదికి 20 వేలకి కాస్త తక్కువ, రెండేళ్లలో ఇంచుమించు భూమి చుట్టూ ఒక ప్రదక్షిణ. టైర్లు, సర్వీసింగ్, బండి విలువ పడిపోవడం అన్నీ ఆ లెక్కన వేసుకుని, ఫ్లాట్ అమ్మితే మిగులుతుందన్న సొమ్ములోంచి తీసేయండి. అప్పుడు మిగిలేదెంతో చూడండి.

ఇల్లు అంత బాగున్నప్పుడు ప్రయాణం కష్టం దానితో సరిపోతుంది కదా అని మీకు అనిపించొచ్చు. అర్థశాస్త్రం పుస్తకాల ప్రకారం సరిపోవాలి కూడా. అలోయిస్ స్టట్జర్, బ్రూనో ఫ్రే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు జర్మనీలో ఏళ్ల తరబడి సేకరించిన సర్వే సమాచారం తీసుకుని 2008లో ఒక పరిశోధన ప్రచురించారు. ఎక్కువ సేపు ప్రయాణం చేసేవాళ్లు తమ జీవితం పట్ల తక్కువ తృప్తితో ఉన్నారని తేలింది. మంచి ఇల్లో, మంచి జీతమో ఆ లోటుని పూర్తిగా పూడ్చలేకపోయింది. ఎందుకలా అంటే నాకు తోచింది ఇది: పెరడుకి ఆరు నెలల్లో అలవాటు పడిపోతాం, చెట్టు అక్కడే ఉంటుంది, మనం చూడటం మానేస్తాం. ట్రాఫిక్ మాత్రం రోజుకో రకంగా ఉంటుంది కాబట్టి దానికి అలవాటు పడటం కుదరదు.

ఇంకో సంగతి. మనిషి సగటున రోజు మొత్తం మీద దాదాపు గంట ప్రయాణానికి కేటాయిస్తాడని, నడిచే కాలంలోనూ కార్ల కాలంలోనూ అది పెద్దగా మారలేదని ఇటలీకి చెందిన భౌతికశాస్త్రవేత్త చేజరే మార్కెట్టి 1994లో రాశాడు. వాహనం వేగం పెరిగితే మనం టైం మిగుల్చుకోం, ఇంకా దూరంగా ఇల్లు తీసుకుంటాం. మీరు ఆ గంటని రెండున్నర గంటలు చేయబోతున్నారు.

ఇంత చెప్పాక కూడా వద్దని అనను, ఎందుకంటే నేను వెనక్కి రాలేదు. కానీ ఫ్లాట్ అమ్మకండి. అద్దెకివ్వండి. ఆ ఊళ్లోనే ఒక ఇల్లు అద్దెకి తీసుకుని ఏడాది ఉండండి. ఎండాకాలం, వానాకాలం, చలికాలం మూడూ చూడాలి. నేను నా ఇల్లు ఎండాకాలంలో చూసి కొన్నాను. దారిలో ఒక కల్వర్టు ఉంటే దాన్ని అసలు గమనించలేదు, కింద నీళ్లే లేవు మరి. వానలు పడ్డాక అది మునిగితే పన్నెండు కిలోమీటర్లు చుట్టూ తిరిగి వెళ్లాలని మొదటి ఏడాది జులైలో, రాత్రి ఎనిమిదిన్నరకి, నీళ్ల అంచున బండి ఆపాక తెలిసింది. ఊళ్లో ఎవర్ని అడిగినా చెప్పేవాళ్లు. నేను అడగలేదు.

ప్రశ్న: మావారి కోరిక మీద ఏడాదిన్నర క్రితం పల్లెకి మారాం. ఆయన పొద్దున 6.45కి వెళ్తే రాత్రి 8.30కి వస్తారు. ఆయనకి ఈ ఇల్లంటే ప్రాణం. నాకు నాలుగేళ్ల బాబు, ఒక కుక్క, మనిషన్నవాడు కనిపించని మధ్యాహ్నాలు. ఉన్న ఒక్క కారూ ఆయన తీసుకెళ్తారు. ఏమైనా అంటే “మీకోసమే కదా ఇంత దూరం తిరుగుతున్నా” అంటారు. తప్పు నాదేనా?

జవాబు: కాదమ్మా. మీవారు ఆ ఊళ్లో పడుకుంటున్నారు, మీరు ఆ ఊళ్లో ఉంటున్నారు. వారంలో ఐదు రోజులు ఆయన ఆ ఇంటిని సరిగ్గా పగటి వెలుగులో కూడా చూడరు. ఆయన ప్రాణం పెట్టింది శని, ఆదివారాల ఇంటి మీద. మీకు దక్కింది మిగతా ఐదు రోజుల ఇల్లు. ఇద్దరూ ఒకే ఇంటి గురించి మాట్లాడుకుంటున్నారనుకుని గొడవ పడుతున్నారు.

అలాగని ఆయన అబద్ధం చెప్పడం లేదు. పద్నాలుగు గంటలు బయట ఉండి వచ్చిన మనిషికి తన అలసట తప్ప ఇంకేదీ కనబడదు. తన నడుం నొప్పే ఈ ఇంటికి కట్టిన మొత్తం ఖరీదని అనుకుంటారు. రెండో ఖరీదు మీరు కడుతున్నారు, దానికి రసీదు లేదు.

చేయాల్సిన మొదటి పని బండి. ఇంకే మాటా ముందు వద్దు. పాతదైనా సరే, స్కూటరైనా సరే, ఇంట్లో రెండో వాహనం ఉండాలి, మీకు నడపడం రావాలి. మధ్యాహ్నం రెండింటికి పిల్లాడికి జ్వరం నూట మూడు దాటితే ఆయన ఆఫీసు నుంచి బయల్దేరి వచ్చేసరికి ఎంతసేపవుతుంది? ఇది సౌకర్యం సంగతి కాదు, డబ్బు లేదంటే ఇంకేదైనా ఆపి ఇది కొనాలి.

రెండోది ఆయన చేయాలి. ఒక మంగళవారమో బుధవారమో సెలవు పెట్టి, బాబుతో ఇంట్లో ఒక్కరే ఉండాలి. ఆ రోజు కారు మీరు తీసుకుని పొద్దున 6.45కి వెళ్లిపోండి, రాత్రి 8.30కి రండి. ఎక్కడికైనా వెళ్లండి, నిద్రపోండి, స్నేహితుల్ని కలవండి. శనివారం చేస్తే లెక్కలోకి రాదు, శనివారం ఊరు వేరుగా ఉంటుంది. నాకు ఈ సలహా మా ఇంట్లోనే ఇచ్చారు, ఇచ్చింది సలహాలా లేదులెండి, ఆజ్ఞలా ఉంది. మధ్యాహ్నం మూడింటికే గోడ గడియారం బ్యాటరీ అయిపోయిందేమో అని దింపి చూశాను.

మూడోది మనుషులు. రోజువారీ ప్రయాణం పది నిమిషాలు పెరిగితే ఊరి వ్యవహారాల్లో పాలుపంచుకోవడం పది శాతం తగ్గుతుందని రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ పట్నం అమెరికా గురించి 2000లో రాశాడు. మీ ఇంట్లో ఆ నష్టం ఆయనది ఒక్కడిదే కాదు. ఇంటాయన ఎవరికీ తెలియకపోతే ఆ కుటుంబం ఊరికి సగం చుట్టాల్లాగే ఉండిపోతుంది. కాబట్టి ఆయన ఆదివారాలు పెరట్లో మొక్కలకి పాదులు చేయడం కొంచెం తగ్గించి, మీ ముగ్గురూ కలిసి నాలుగిళ్లకి వెళ్లి పలకరించాలి. మీ వైపు నుంచి, బాబు వయసు పిల్లలున్న ఇల్లు ఒక్కటి దొరికినా చాలు, వాళ్లమ్మ కూడా మధ్యాహ్నాలు మీలాగే గడియారం చూస్తుండొచ్చు.

ఆరు నెలలు గడువు పెట్టుకోండి, తేదీ రాసి పెట్టుకోండి. అప్పటికీ ఇలాగే ఉంటే సిటీ అంచుకో, సగం దూరంలో ఉన్న చిన్న పట్నానికో మారండి. ఓడిపోయి వెనక్కి వచ్చారని నవ్వేవాళ్లు ఎవరూ మీ మధ్యాహ్నాలు గడపడానికి రారు.

ప్రశ్న: మా కంపెనీలో వారానికి రెండు రోజులు వెళ్తే చాలు, మిగతా మూడు రోజులు ఇంటినుంచే పని. ఆ ధైర్యంతో 90 కిలోమీటర్ల అవతల ఇల్లు తీసుకోవచ్చా?

జవాబు: మీ పద్ధతి మంచిదే, అందుకు ఆధారం కూడా ఉంది. చైనాలోని ఒక పెద్ద ట్రావెల్ కంపెనీలో 1,612 మంది ఉద్యోగుల మీద నికొలస్ బ్లూమ్ బృందం చేసిన ప్రయోగం 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. వారానికి రెండు రోజులు ఇంటినుంచి పని చేయనిచ్చినవాళ్లలో ఉద్యోగం మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు, పనిలో తేడా రాలేదు, దూరం నుంచి వచ్చేవాళ్లకి మేలు ఇంకా బాగా కనిపించింది. ఇదంతా మీ బాస్ చదివి ఉండాలని రూల్ లేదు కదా. ఒక్క మెయిల్ వస్తే మీరు ఆఫీసుకి వెళ్లే రెండు రోజులు ఐదవుతాయి. మీ ఆఫర్ లెటర్‌లో ఈ రెండు రోజుల మాట ఉందా, లేక మీ మేనేజర్ మంచితనం మీద నడుస్తోందా, ముందు అది చూడండి.

నేనైతే ఇలా ఆలోచిస్తాను: రేపు ఐదు రోజులూ రమ్మంటే, ఇంకో ఉద్యోగం దొరికేదాకా ఆరు నెలలు ఆ 90 కిలోమీటర్లు తిరగగలనా? తిరగగలను అనుకుంటే తీసుకోండి. ఆ ఇల్లు సిటీకి ఏ వైపున ఉందో కూడా ముఖ్యమే. మీలాంటి ఉద్యోగాలన్నీ సిటీకి అవతలి చివర ఉంటే, కంపెనీ మారిన రోజు 90 కాస్తా 120 అవుతుంది. ఇంటినుంచి పని అంటున్నారు కాబట్టి నెట్ గురించి ఇంటి ఓనర్ మాట వినకండి. మీ లాప్‌టాప్ తీసుకెళ్లి, మీరు కూర్చోబోయే గదిలోనే, సాయంత్రం ఏడింటికి ఒక వీడియో కాల్ చేయండి. వాకిట్లో నాలుగు గీతలు చూపించిన సిగ్నల్ వెనక గదిలో ఒక్కటి చూపిస్తే మీ ఉద్యోగం వాకిట్లోనే.

ప్రశ్న: కారులో గంట, రైల్లో స్టేషన్‌కి వెళ్లడంతో కలిపి గంటా ఇరవై నిమిషాలు. ఏది మేలు?

జవాబు: రైలు. ఆలోచించకండి. ఆ ఇరవై నిమిషాలు పోయినట్టు కనిపిస్తాయి గానీ కారులో గంట మొత్తం పోతుంది, రైల్లో ఒక కునుకు తీయొచ్చు, చదువుకోవచ్చు, కిటికీలోంచి చూస్తూ ఊరుకోవచ్చు.

అసలు భయం నిద్ర గురించి. పదిహేడు గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరుకి సమానంగా పడిపోతుందని 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. మీరు తెల్లవారి ఐదింటికి లేస్తే, ఆ పదిహేడు గంటలు రాత్రి పదికి నిండుతాయి. ఆఫీసులో పార్టీ ఉండి, చుక్క కూడా ముట్టకుండా బయల్దేరినా రోడ్డు మీద మీ పరిస్థితి అది. పైగా పల్లె రోడ్డుకి వీధి దీపాలుండవు. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో, ఎదురుగా ఏదో ఉందని గ్రహించి బ్రేక్ వేసి ఆగేసరికి దాదాపు 70 మీటర్లు పోతాం, డిమ్ లైట్ అంత దూరం సరిగ్గా చూపించకపోవచ్చు. అరవైకి తగ్గిస్తే 45 మీటర్లలో ఆగుతుంది. బైక్ మీద వెళ్లేవాళ్లకి ఇది ఇంకా గట్టిగా చెప్పాలి.

రైలుతో ఒక్కటే తంటా, ఆఖరి బండి ఎన్నింటికో చూసుకోండి. అది తప్పిన రాత్రి పడుకోవడానికి సిటీలో ఒక చోటు మాట్లాడి పెట్టుకోండి, ఒక జత బట్టలు ఆఫీసు సొరుగులో ఉంచండి.

ప్రశ్న: ఇల్లు ఖాయం చేసే ముందు ఏమేం చూసుకోవాలి? క్లుప్తంగా చెప్పండి.

జవాబు: బోరు నీళ్లో బావి నీళ్లో అయితే ల్యాబ్‌కి పంపండి. ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 50 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. నీళ్లు తేటగా, తియ్యగా ఉన్నంత మాత్రాన ఇవి లేవని కాదు. బాక్టీరియా పరీక్ష కూడా చేయించండి, మీ సెప్టిక్ ట్యాంకే కాదు, పక్కింటివాళ్ల ట్యాంకు మీ బావికి ఎంత దూరంలో ఉందో కూడా చూడండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆసుపత్రికి ఎంత దూరమో అడగడం సరిపోదు, పక్షవాతం వస్తే మెదడులో రక్తపు గడ్డని కరిగించే మందు ఇచ్చేది ఎక్కడో అడగండి, ఆ మందు మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. పాము కాటుకి మందు ఏ ఆసుపత్రిలో ఉందో ఇల్లు మారిన మొదటి వారంలోనే కనుక్కుని, ఆ నంబరు గోడ మీద రాసి పెట్టండి. కరెంటు ఎన్ని గంటలు పోతుందో ఇల్లు అమ్మేవాణ్ని కాదు, పక్కింటివాళ్లని అడగాలి. మిగతావి ఉండగా ఉండగా తెలుస్తాయి.

ప్రశ్న: మీరు పోయిన నెల రోజూ చేసే ప్రయాణం అంటే జీవితం వృథా అన్నట్టు రాశారు. ఇరవై రెండేళ్లుగా బస్సులో వెళ్లొస్తున్నాను. ఇంట్లో ఎవరో ఒకరు పిలుస్తారు, ఆఫీసులో ఎవరో ఒకరు పిలుస్తారు, నన్నెవరూ పిలవని టైం అదొక్కటే. దాన్ని కూడా వృథా అంటారా?

జవాబు: అనను, తప్పు ఒప్పుకుంటున్నాను. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఉద్యోగుల్ని మీకు ఎంత ప్రయాణం ఉంటే బాగుంటుందని అడిగిన ఒక అధ్యయనం 2001లో వచ్చింది, రెడ్మండ్, మొఖ్తారియన్ అనే ఇద్దరిది. అసలు వద్దన్నవాళ్లు చాలా తక్కువ, సగటున కోరుకున్నది 16 నిమిషాలు. ఇంటి మనిషి ఆఫీసు మనిషిగా మారడానికి కొంచెం దారి కావాలేమో. కాకపోతే మీది బస్సు, సీటు దొరుకుతుందనుకుంటా. అదే 22 ఏళ్లు నిలబడి వెళ్లినవాళ్లని కూడా ఒకసారి అడగాలి. మీరెంతసేపు ప్రయాణిస్తారో రాయలేదు, రాయండి, తెలుసుకోవాలనుంది.

ప్రశ్న: నాకు పదహారేళ్లు. మా అమ్మానాన్నలు పల్లెకి మారిపోతున్నారు. “నీకు అక్కడ స్వచ్ఛమైన గాలి దొరుకుతుంది” అంటున్నారు. నాకు గాలి వద్దు, నా ఫ్రెండ్స్ కావాలి. ఎలా ఆపాలి?

జవాబు: ఆపలేవు. కానీ బేరం ఆడొచ్చు. పదహారేళ్లవాళ్లకి గాలి ఎందుకు అక్కర్లేదో మీ అమ్మానాన్నలకి గుర్తు లేదు, వాళ్ల వయసులో గాలే ముఖ్యం. గొడవ పెట్టుకుంటే చిన్నపిల్ల/పిల్లాడివని తీసిపారేస్తారు, కాగితం మీద పెట్టు. స్కూలు చదువు పూర్తయ్యేదాకా ఆగగలరా అని అడుగు, చివరి రెండేళ్లలో స్కూలు మార్చడం చదువుకి మంచిది కాదన్న మాట వాళ్లూ కాదనలేరు. ఆగలేమంటే నెలకి రెండు శనివారాలు సిటీలో స్నేహితుల ఇంట్లో ఉండనివ్వాలని, ఆఖరి బస్సు తప్పితే ఏ టైమైనా తిట్టకుండా వచ్చి తీసుకెళ్లాలని రాయించు. ఆ తిట్టకుండా అన్న మాట కింద గీత గీయించు. సంతకాలు ఇద్దరివీ ఉండాలి, ఒక్కరిదైతే రెండోవాళ్లు నాకు తెలియదంటారు.